సాఫ్ట్‌వేరు చెరువులు – కట్టుట, కాపాడుట

ఖమ్మమును ఆనుకొనియున్న ఖానాపురం హవేలిలో ఒక విద్యార్థి డెబియను అను ఆపరేటింగ్ సిస్టం గల కంప్యూటరు ముందు కూర్చున్నాడనుకొందము. ఇంటర్నెట్టు ఉన్నచో ఒక్క ఆజ్ఞతో పోతన 2000 అను తెలుగు ఫాంటు అతని యంత్రమునకు చేరును. ఆ అక్షరములను రూపొందించినవారు కెనడాలో నివసించిన తిరుమల కృష్ణ దేశికాచార్యులు. డెబియను వేరొకరి కృషి. ఈ రెండింటిని కలిపినదెవరు?

మన ప్రాంతమువారికి దీనిని చెరువుల ద్వారా చెప్పుట సులభము. 13వ శతాబ్దమున కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారమున చెరువు త్రవ్వించి శాసనము వేయించినది. గొలుసుకట్టు చెరువులలో పైచెరువు అలుగు పారిన నీరు దిగువ చెరువునకు చేరును. పైకట్ట తెగినచో దిగువ కట్టకును ముప్పే. కట్టించినవారి కీర్తి శాసనమున నిలుచును. కాని ఏటేట పొలము తడియుటకు తూము తెరచి మూయుచు, కట్టను కనిపెట్టియుండు నీరటి కావలెను.

కంప్యూటరు చరిత్రలోను ఇట్టిదే జరిగినది. ఆపరేటింగ్ సిస్టం నిర్మించువారు మూలాధారమును మాత్రమే సమకూర్తురు. ఫాంట్లు, బొమ్మలు గీయు సాధనములు, లెక్కల పట్టికలు మొదలగునవి ఇతరులు వ్రాసినవి. పూర్వము వాడుకరి తానే వాటి మూలప్రతిని తెచ్చుకొని, తన యంత్రమునకు తగినట్లు సవరించుకొనవలసివచ్చెడిది. ఒకే సవరణను వందలమంది వేరువేరుగ చేసెడివారు.

ఈ వృథా శ్రమను తప్పించుటకు భాండారములు పుట్టినవి. 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ డెబియనును ప్రకటించెను. 1994 ఆగస్టులో జోర్డన్ హబ్బర్డ్ ఫ్రీబీఎస్‌డీకి పోర్ట్స్ అను సంకలనమును ప్రారంభించెను. పోర్ట్స్‌లో ఉండునది ప్రోగ్రాము కాదు. దానిని తయారుచేయు విధానము. మూలప్రతి ఎచట దొరకును, అది మార్పు చెందలేదని ఎట్లు సరిచూడవలెను, ఏ సవరణలు చేయవలెను, ముందుగ ఏయే ఇతర ప్రోగ్రాములు ఉండవలెను అను వివరములు అందు వ్రాయబడియుండును. 1997లో నెట్‌బీఎస్‌డీవారు ఈ పద్ధతినే గ్రహించి పీకేజీసోర్సును ఆరంభించిరి. అది తరువాత ఇతర ఆపరేటింగ్ సిస్టములకును విస్తరించినది. డెబియను మాత్రము సిద్ధము చేసిన ప్యాకేజీలనే అందించును. ఒక ప్యాకేజీకి కావలసిన ఇతర ప్యాకేజీలను తానే వెదకి తెచ్చు ఏపీటీ అను సాధనము 1999లో వెలువడిన డెబియను 2.1తో వచ్చినది.

సేకరించుటతో పని ముగియదు. మూలకర్త క్రొత్త కూర్పు విడుదల చేసినపుడు ప్యాకేజీని మార్చవలెను. అది ఆధారపడిన లైబ్రరీ మారినపుడు మరల తయారుచేయవలెను. దోషములను మూలకర్తకు తెలుపవలెను. ఇందుకు ప్రతి ప్యాకేజీకి ఒక నిర్వాహకుడో, ఒక బృందమో ఉందురు. వారు విరమించినచో డెబియనువారు ఆ ప్యాకేజీని అనాథగ ప్రకటింతురు.

నిర్వాహకుడు అలసిపోయిన ఏమగునో 2024లో లోకమునకు తెలిసినది. ఎక్స్‌జెడ్ అను చిన్న కుదింపు లైబ్రరీని చాలకాలము దాదాపు ఒక్కరే చూచుకొనుచుండిరి. సహాయకునిగ వచ్చిన ఒక అజ్ఞాత వ్యక్తి రెండేండ్లకు పైగ నమ్మకము సంపాదించి, అందు దొంగదారి నొకదానిని చొప్పించెను. అది డెబియను పరీక్షా కూర్పులకును చేరినది. దూరపు యంత్రములోనికి ప్రవేశించుటకు సుమారు అర క్షణము అధికముగ పట్టుచున్నదని గమనించిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ కారణము వెదకి, మార్చి 29న దానిని బయటపెట్టెను. పైచెరువు గండి దిగువకు పారకముందే పట్టుబడినది.

తెలుగునకు ఇందు ప్రత్యేకమైన అవసరము కలదు. 1991లోనే యూనికోడులో తెలుగు అక్షరములకు సంకేతసంఖ్యలు లభించినవి. కాని ‘స్త్రీ’ అను అక్షరము సరిగ కనబడుటకు సంఖ్యలు చాలవు. ఒత్తులను కూర్చు లైబ్రరీ, ఫాంటు రెండును పొసగవలెను. ఒకటి మారి రెండవది మారకున్న ఒత్తులు చెదరవచ్చును. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ డెబియనును ఆధారముగ గొని తెలుగు ఆపరేటింగ్ సిస్టమును రూపొందించినది; కావున డెబియనులోని ఫాంటును సరిచేసినచో ఆ మేలు దిగువకును పారగలదు.

అందుచేత వాడుకరి ప్రోగ్రాములను వీలైనంతవరకు భాండారమునుండియే గ్రహించి, సకాలమున నవీకరించుకొనవలెను. దోషము కనబడిన విసుగుకొని ఊరకుండరాదు. ఏ కూర్పులో, ఏ అక్షరము, ఎట్లు చెడినదో నిర్వాహకునకు తెలుపవలెను. ఖానాపురం హవేలి విద్యార్థి ఒక ఒత్తు తప్పును గూర్చి వ్రాసిన నాలుగు వాక్యములు, అదే ఫాంటు వాడు తెలుగువారందరికిని ఉపకరించును.