సిమ్ సందు ఉంది, సిగ్నల్ లేదు: లాప్‌టాప్‌లో మొబైల్ డేటా కథ

ఆఫీసుల్లో వాడి అమ్మేసిన లాప్‌టాప్‌ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్ళకి తరచూ ఎదురయ్యే అనుభవంతో మొదలుపెడదాం. పక్కన సిమ్ పెట్టే సందు కనిపిస్తుంది. సంబరంగా సిమ్ పెడతారు. ఏమీ రాదు. మరి రాదు కదా! చాలా మోడళ్ళలో సందు మాత్రమే ఉంటుంది, లోపల మోడెమ్ కార్డు ఉండదు. అది మొదట కొన్న కంపెనీ అదనంగా డబ్బు కట్టి వేయించుకోవాల్సిన సరుకు. వాళ్ళు వేయించుకోలేదు.

అయిదారు వేల ఫోన్‌లో ఉన్న సౌకర్యం అరవై వేల లాప్‌టాప్‌లో ఎందుకు లేదు? దీని వెనక ఇరవై ఏళ్ళ చరిత్ర ఉంది.

ముందు వైఫై సంగతి. 1985లో అమెరికాలో ఎఫ్‌సీసీ కొన్ని రేడియో తరంగాలను లైసెన్సు లేకుండా వాడుకోండి అని వదిలేసింది. వైఫై పుట్టింది ఆ ఖాళీ జాగాలోనే. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి ఆ స్వేచ్ఛ 2005లో వచ్చింది. 2003 మార్చిలో ఇంటెల్ 'సెంట్రినో' తెచ్చింది. ఆ స్టిక్కర్ అంటించుకోవాలంటే ప్రాసెసర్, చిప్‌సెట్, వైఫై మూడూ ఇంటెల్‌వే పెట్టాలి. ప్రచారానికే 30 కోట్ల డాలర్లు. దాంతో వైఫై లేని లాప్‌టాప్ అంటే చక్రాల్లేని బండి అన్నట్టు అయిపోయింది. ఇక్కడ గమనించండి, వైఫై చిప్ పెట్టడానికి ఇంటెల్ ఏ టెలికాం కంపెనీ గుమ్మమూ ఎక్కనక్కర్లేదు.

మొబైల్ డేటాకి ఆ గుమ్మం ఎక్కాల్సిందే. 2006లో లెనోవో థింక్‌ప్యాడ్ టీ60ని వెరైజన్ మోడెమ్‌తో అమ్మింది. బాగానే ఉంది, కానీ వెరైజన్‌ది సీడీఎంఏ పద్ధతి. రేపు మీరు జీఎస్ఎం కంపెనీకి మారితే ఆ మోడెమ్ పనికిరాదు. మన రిలయన్స్, టాటా సీడీఎంఏ ఫోన్లు వాడినవాళ్ళకి ఈ బాధ చెప్పక్కర్లేదు! ఈ చిక్కు తీర్చడానికే 2007లో క్వాల్‌కామ్ రెండు పద్ధతులకీ పనికొచ్చే 'గోబీ' చిప్ ప్రకటించింది.

చాలామంది నేరమంతా క్వాల్‌కామ్ పేటెంట్ల మీదకే నెడతారు. ఫోన్లలో ఆ కంపెనీ రాయల్టీని చిప్ ధర మీద కాకుండా మొత్తం ఫోన్ ధర మీద లెక్కగట్టి తీసుకునేది, నిజమే. దాని మీద అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ కేసు వేసి 2019లో గెలిచింది, 2020లో అప్పీలులో ఓడిపోయింది. కానీ నా దృష్టిలో పేటెంట్లు సగం కారణమే. మోడెమ్ లాప్‌టాప్ కన్నా త్వరగా ముసలిదైపోతుందన్నది ఇంకో సగం. 3జీ మోడెమ్ ఉన్న లాప్‌టాప్ కొనుక్కున్నారనుకోండి. 2016 సెప్టెంబరులో జియో వచ్చింది, దాంట్లో 3జీయే లేదు. లాప్‌టాప్ దివ్యంగా పనిచేస్తోంది, మోడెమ్ మాత్రం అలంకారం. అందుకే మన దగ్గర డాంగిల్ నిలబడింది. టాటా ఫోటాన్, రిలయన్స్ నెట్‌కనెక్ట్ గుర్తున్నాయా? పాతదైతే పీకి పక్కన పడేసి ఇంకోటి గుచ్చుకోవడమే.

చివరి దెబ్బ కొట్టింది ఫోనే. 2010లో ఆండ్రాయిడ్ 2.2లో హాట్‌స్పాట్ వచ్చింది, 2011లో ఐఫోన్‌కీ వచ్చింది. కంపెనీలు ఊరుకుంటాయా? అమెరికాలో ఏటీ అండ్ టీ 2010లో ఇలా పంచుకోవడానికి నెలకి 20 డాలర్లు అదనంగా వేసింది. హాట్‌స్పాట్ యాప్‌లను అడ్డుకుందన్న వ్యవహారంలో వెరైజన్ 2012లో ఎఫ్‌సీసీకి 12.5 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. ఆ కట్టడి సడలాక, జేబులో మోడెమ్ ఉండగా లాప్‌టాప్‌లో ఇంకోటీ, దానికో సిమ్మూ, దానికో రీచార్జీ ఎందుకని జనం అనుకున్నారు. తప్పేం లేదు.

ఐతే ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. ఇంట్లో మనిషికో ఫోన్ ఉందనుకుని వేసిన లెక్క ఇది. 2020 లాక్‌డౌన్ తర్వాత ఆన్‌లైన్ క్లాసులు గుర్తు తెచ్చుకోండి. నాన్న ఫోన్ పట్టుకుని పనికి వెళ్ళిపోతే ఆ ఇంట్లో లాప్‌టాప్ ఉన్నా క్లాసు లేనట్టే. కంపెనీ ఉద్యోగికి సిమ్ సందు సౌఖ్యం. ఆ పిల్లకి అవసరం. మార్కెట్ మాత్రం దాన్ని ఖరీదైన బిజినెస్ మోడళ్ళలోనే మిగిల్చింది.

ఎదురు దారిలో వెళ్ళినవీ ఉన్నాయి. 2023లో జియో 16,499 రూపాయలకి 4జీ ఉన్న జియోబుక్ తెచ్చింది. అంటే చవక లాప్‌టాప్‌లో మోడెమ్ పెట్టడం సాధ్యమే, అమ్మేవాడు డేటా కూడా అమ్ముకునేవాడైతే. అటు ఆపిల్ 2025లో సొంత మోడెమ్ సీ1ని ఐఫోన్ 16ఈలో పెట్టింది. అది మ్యాక్‌బుక్‌లోకి వస్తుందా అన్న ప్రశ్న కూడా అప్పుడు వచ్చింది.

మీ లాప్‌టాప్‌లో సిమ్ సందు ఉంటే, కార్డు కొనే ముందు ఒక్కసారి వెనక మూత తెరిపించి యాంటెన్నా తీగలు ఉన్నాయో లేదో చూపించుకోండి. కొన్ని మోడళ్ళు కంపెనీ ఆమోదించిన కార్డుని తప్ప వేరేదాన్ని ఒప్పుకోవు, అదీ కనుక్కోండి. ఉంటాను మరి.