సముద్రము పాలైన సైక్లోట్రానులు

1945 ఆగస్టులో జపాను లొంగిపోగా అమెరికను సైన్యము దేశముపై అధికారము చేపట్టెను. టోకియోలోని రికెన్ సంస్థలో నిషినా యోషియో నిర్మించిన సైక్లోట్రానులు రెండుండెను. పెద్దది సుమారు 200 టన్నులు. విద్యుదావేశము గల కణములను అయస్కాంత క్షేత్రములో త్రిప్పుచు, చుట్టు చుట్టుకు వేగము పెంచు యంత్రమిది. ఆ కణములతో పరమాణు కేంద్రకములను కొట్టి, వైద్యమునకు పనికివచ్చు రేడియోధార్మిక పదార్థములను చేయవచ్చును. అట్టి పరిశోధనకే నిషినా అనుమతి కోరెను. అనుమతి లభించెను, అంతలోనే రద్దయ్యెను. నవంబరు 24న సైనికులు వచ్చి యంత్రములను ముక్కలు చేయసాగిరి. ఆ ముక్కలు టోకియో అఖాతములో కలిసెను. ఒసాకా, క్యోటోలలోని సైక్లోట్రానులకును ఇదే గతి పట్టెను.

యుద్ధకాలమున నిషినా బాంబు పరిశోధన నడపిన మాట నిజమే. కాని యురేనియమును వేరుపరచుటకు ఆయన నమ్ముకొన్నది ఉష్ణవ్యాపన పద్ధతిని, సైక్లోట్రానును కాదు. సైక్లోట్రానులో బాంబు తయారుకాదని తెలిసిన అమెరికను శాస్త్రజ్ఞులే ఈ పనిని ఖండించిరి. డిసెంబరులో అమెరికా యుద్ధశాఖ మంత్రి ప్యాటర్సన్ పొరపాటు నొప్పుకొనెను. 1951 జనవరిలో నిషినా మరణించునాటికి రికెన్‌లో మరొక సైక్లోట్రాను నడచుట లేదు.