మూడు వందల డాలర్ల వెసులుబాటు: అమెరికా అంతర్యుద్ధంలో నిర్బంధ సైనిక సేవ

1863 మార్చి 3న ఉత్తర రాష్ట్రాల ప్రభుత్వం చేసిన సైనిక నమోదు చట్టం 20 నుంచి 45 ఏళ్ల పురుషులను నిర్బంధ సేవకు బాధ్యులను చేసింది. అయితే చీటీలో పేరు వచ్చినవాడు 300 డాలర్లు చెల్లించి ఆ విడతకు తప్పుకోవచ్చు. లేదా తన బదులు మరొకరిని పంపవచ్చు. ఆ సొమ్ము సాధారణ కూలీకి దాదాపు ఏడాది సంపాదన. (దక్షిణాదిలోనైతే ఇరవైమంది బానిసలున్న తోటకు ఒక శ్వేతజాతీయుడి చొప్పున మినహాయింపు 1862లోనే లభించింది.)

జూలై 13న న్యూయార్క్‌లో చెలరేగిన అల్లర్లు నాలుగు రోజులు సాగాయి. చట్టంతో ఏ ప్రమేయమూ లేని నల్లజాతీయులు హతులయ్యారు. వారి పిల్లల అనాథాశ్రమం దగ్ధమైంది. కనుక ఆ హింసను వర్గ అన్యాయంతో మాత్రమే వివరించడం చాలదు.

విచిత్రమేమంటే, పేదలు ద్వేషించిన ఆ రుసుమే బదులు సైనికుడి ధరకు హద్దుగా ఉండేది. అంతకు మించి ఇవ్వవలసిన అగత్యం ఎవరికీ లేదు. 1864 జూలైలో, మతపరమైన అభ్యంతరం గలవారికి తప్ప, కాంగ్రెస్ దానిని రద్దు చేసింది. బదులు మనిషిని పెట్టుకునే హక్కు మాత్రం మిగిలింది, ధర పెరిగింది. సమానత్వం కోసం చేసిన సవరణ మధ్యతరగతికి సైతం ఆ దారిని దూరం చేసింది. యుద్ధం ముగిసేసరికి, సేవకు అర్హులుగా తేలిన సుమారు 2,07,000 మందిలో 87,000 మంది రుసుము చెల్లించారు, 74,000 మంది బదులు మనుషులను పంపారు. స్వయంగా వెళ్లినవారు 46,000.