హగ్గిన్స్ చూసిన ఆకుపచ్చ గీత

1864 ఆగస్టు 29 రాత్రి. లండన్‌లోని టల్స్ హిల్‌లో, ఇంటి పక్కనే కట్టుకున్న అబ్జర్వేటరీలో విలియం హగ్గిన్స్ టెలిస్కోపుకు వర్ణపటదర్శిని తగిలించి, డ్రాకో నక్షత్రమండలంలోని ఒక చిన్న నీహారిక వైపు తిప్పాడు. బట్టల వ్యాపారం అమ్మేసి ఆకాశం పనిలో పడ్డ మనిషి ఆయన. అది నక్షత్రాల గుంపే అయితే రంగులన్నీ పట్టీలా పరుచుకోవాలి. కనిపించింది ఒకటే ఆకుపచ్చ గీత; పరకాయించి చూస్తే పక్కన మరో రెండు సన్నవి. అంటే అది వెలుగుతున్న వాయువు! మసక నీహారికల ఫొటోగ్రఫీ కథకు నా లెక్కలో ఇదే మొదలు. వెలుగంతా నాలుగైదు గీతల్లోనే ఉన్నప్పుడు వాటిని ఉంచుకుని మిగతా ఆకాశాన్ని వదిలేయవచ్చు.

ఆ ఆకుపచ్చ గీత ఏ మూలకానిదో మాత్రం చాలాకాలం అంతుపట్టలేదు. 'నెబ్యులియం' అని కొత్త మూలకాన్నే ఊహించారు. 1927లో కాలిఫోర్నియాలో ఐరా బోవెన్ ముడి విప్పాడు: అది రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఆక్సిజన్. ఆ కాంతి విడుదల కావాలంటే పరమాణువు పదుల సెకన్లపాటు దేన్నీ ఢీకొనకుండా ఉండాలి. మన ప్రయోగశాలల్లోని వాయువుల్లో అంత ఖాళీ ఎక్కడిది? నీహారికలో ఉంది.

గీతను వేరుచేసే గాజు తర్వాత వచ్చింది. 1930ల చివర్లో జర్మనీలో వాల్టర్ గెఫ్‌కెన్ రూపమిచ్చిన ఇంటర్‌ఫియరెన్స్ ఫిల్టరే నేటి నారోబ్యాండ్ ఫిల్టర్లకు పూర్వరూపం. గాజు మీద కాంతి తరంగం కన్నా పలచని పూతలు వరసగా వేస్తారు. వాటి మధ్య అటూ ఇటూ తిరిగే కాంతిలో కావలసిన రంగు మాత్రం బలం పుంజుకుని దాటుతుంది. హైడ్రోజన్ ఎరుపు 656.3 నానోమీటర్ల దగ్గర ఉంది. 3 నానోమీటర్ల వెడల్పు పట్టీనే దాటనిచ్చే ఫిల్టర్ పెడితే ఆ గీత దాదాపు మొత్తం వస్తుంది. వెన్నెల, తెల్ల ఎల్ఈడీ వెలుగు సుమారు నూరో వంతే వస్తాయి. సోడియం దీపం 589 దగ్గరది, దానికి దారే లేదు. నగరంలో డాబా మీది నుంచి కూడా ఈ పని సాగుతున్నది అందుకే. ఒక చిక్కుంది: ఎఫ్/2 లాంటి వేగమైన లెన్సులో కాంతి ఏటవాలుగా పడితే ఫిల్టర్ దాటించే రంగు నీలం వైపు జరుగుతుంది, అసలు గీతే తప్పిపోవచ్చు. వాటికి విడిగా ఫిల్టర్లు చేయిస్తారు.

1995లో జెఫ్ హెస్టర్, పాల్ స్కోవెన్ హబుల్‌తో తీసిన ఈగిల్ నీహారిక స్తంభాల చిత్రం ఈ పద్ధతిని ఇంటింటికీ చేర్చింది. సల్ఫర్‌కు ఎరుపు, హైడ్రోజన్‌కు ఆకుపచ్చ, ఆక్సిజన్‌కు నీలం ఇచ్చారు. సల్ఫర్, హైడ్రోజన్ రెండూ కంటికి ఎరుపే కాబట్టి, ఏ వాయువు ఎక్కడుందో విడదీసి చూపాలంటే అలా ఇవ్వక తప్పదు. రంగులు అబద్ధమనే మాటను నేను ఒప్పుకోను.

సెఫియస్ మండలంలోని ఎర్రని నీహారిక షార్ప్‌లెస్ 129 పేరు 1959 నాటి నీహారికల జాబితాలోనే ఉంది. దాని మధ్య దాదాపు రెండున్నర పున్నమి చంద్రుళ్లను పక్కపక్కన పెట్టినంత పొడవైన నీహారిక మరొకటి ఉందని 2011 దాకా ఎవరికీ తెలియదు. ఫ్రాన్స్‌లో ఔత్సాహికుడు నికొలా ఉటెర్స్ ఆక్సిజన్ ఫిల్టర్‌తో గంటల తరబడి ఎక్స్‌పోజరిచ్చాక స్క్విడ్ ఆకారం బయటపడింది. హైడ్రోజన్ ఎరుపులో వెతికేవాళ్లకు అది చిక్కేది కాదు. ఎర్ర నీహారిక ఉన్న 2,300 కాంతి సంవత్సరాల దూరంలోనే ఇదీ ఉంటే, దీని పొడవు దాదాపు 50 కాంతి సంవత్సరాలు.