కొత్తవాడ జంపఖానాలు

వరంగల్ ఇళ్లలో నేలకు అందం తెచ్చిన తివాచీలూ, జంపఖానాలూ చాలాకాలం ఊళ్లోని మగ్గాల మీదే తయారయ్యాయి. మొఘలుల సైన్యాల వెంట దక్కనుకు వచ్చిన నేతగాళ్లు ఇక్కడ తివాచీల పని మొదలుపెట్టారని చెబుతారు. 1851లో లండన్ మహా ప్రదర్శనలో ఓరుగల్లు తివాచీలు కూడా ఉన్నాయి.

తివాచీకి పడుగు పోగులపై ఒక్కొక్క ముడి వేస్తూ పోవాలి. వరంగల్‌లోని కొత్తవాడ పేరు నిలిపిన జంపఖానాకు మాత్రం ముడులుండవు. నూలు పడుగులో రంగుల పేక దూర్చి, ఇనుప పళ్ల పంజాతో దట్టించి కొడతారు. పడుగు పోగు కంటికి కనబడనంతగా ఆ దెబ్బ పడాలి. గుడ్డ బిగువంతా అందులోనే ఉంది. బొమ్మ రెండు వైపులా ఒకేలా తేలుతుంది కనుక ఒక పక్క మాస్తే తిరగేసి పరుచుకోవచ్చు. పెళ్లిపందిట్లో బంధువులు కూర్చున్నదీ, మధ్యాహ్నం పిల్లలు నిద్రపోయిందీ వీటిమీదే. చిన్న ఇంట్లో ఇంతకన్నా పనికొచ్చే సామాను అరుదు.

మరమగ్గాల చౌక సరుకు వచ్చాక గిరాకీ పడిపోయింది. చాలామంది నేతన్నలకు సహకార సంఘాలూ, ప్రభుత్వ వసతిగృహాల కొనుగోళ్లూ ఆధారమయ్యాయి. 2018లో వరంగల్ జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు దక్కింది.