వేటకుక్క, బేటె నాయి, జాగిలం

కర్ణాటకలోని చిక్కబళ్లాపురం జిల్లా బాగేపల్లి, చింతామణి పల్లెల్లో చాలా ఇళ్లలో మాట తెలుగు, బడిలో కన్నడం. ఇంట్లో వేటకుక్క బడిలో బేటె నాయి అవుతుంది. వేట, బేటె, తమిళ వేట్టై ఒకే ద్రావిడ మూలానివి. మన 'వ' కన్నడంలో తరచు 'బ': వేరు బేరు, వేప బేవు. చిక్కబళ్లాపురం పిల్లలకు ఈ సూత్రం ఎవరూ నేర్పక్కర్లేదు, నాలుకకే తెలుసు.

కన్నడనాట బేటె నాయి అంటే ముధోళ్ జాతే. సన్నని నడుము, పొడవాటి కాళ్లు. చూపుతో, వేగంతో వేటాడుతుంది. ముధోళ్ సంస్థానాధీశులు ఘోర్పడేలు దాన్ని ఆదరించారు. 2005లో తపాలా బిళ్ల మీదికెక్కింది, తర్వాత సైన్యమూ శిక్షణకు తీసుకుంది.

తెలుగులో జాగిలం అనే మాటా ఉంది, నాకెంతో ఇష్టమైనది. వేటకుక్కకే చెల్లిన ఆ పేరు ఇవాళ పత్రికల్లో పోలీసు జాగిలమై, వాసన పట్టి దొంగల జాడ తీస్తోంది.