ఇంటి ప్రార్థన, తోట సంఘం: కియర్స్నీ నుండి షామ్‌బర్గ్ దాకా

షామ్‌బర్గ్ అనే పేరు మన తోటల చరిత్రలో ఎక్కడా కనబడదు. షికాగో నగరానికి వాయవ్యంగా ఉన్న ఊరు అది. మన తాత ముత్తాతలు ఎక్కిన ఓడలేవీ అటు పోలేదు. అయినా ఆ ఊరితోనే మొదలుపెట్టడానికి కారణం ఉన్నది. నేటాల్ తోటల్లో పనిచేసిన తెలుగు క్రైస్తవుల సంతతివారం కొందరం ఇప్పుడు ఆ చుట్టుపక్కల కాపురం ఉంటున్నాము. ఆంధ్ర, తెలంగాణల నుండి నేరుగా వచ్చిన కుటుంబాలతో కలిసి శుక్రవారం సాయంత్రాలు ఇళ్ళలో ప్రార్థనకు కూడుకుంటాము. అక్కడ ఈ మధ్య ఒక ప్రశ్న లేచింది. పిల్లలకు వాక్యం తెలుగులో చెప్పాలా, ఇంగ్లీషులో చెప్పాలా? తెలుగులో చెబితే పిల్లలు దిక్కులు చూస్తారు. ఇంగ్లీషులో చెబితే అమ్మమ్మలు ఊరుకుంటారు. రెండు పక్షాలవారూ గట్టిగానే వాదించుకున్నారు. ఈ దారిలో మా పూర్వులు ఇంతకుముందే ఒకసారి నడిచారు గనుక, వారికి ఏమి జరిగిందో వ్రాసి పెట్టడం మా వంతు అనుకున్నాము.

ముందు ఆ ఊరి సంగతే చెప్పాలి. 1840ల నుండి అక్కడ స్థిరపడినవారు జర్మనీలోని షామ్‌బర్గ్ ప్రాంతం నుండి వచ్చిన రైతులు. 1850లో తమ ఊరికి సొంత దేశపు పేరే పెట్టుకున్నారు. 1847లో సెయింట్ పీటర్ లూథరన్ సంఘం ఏర్పడింది. దాని తొలి కాపరులలో ఒకడైన ఫ్రాన్సిస్ హాఫ్‌మన్ తరువాత రాజకీయాల్లోకి పోయి 1861 నుండి 1865 వరకు ఇల్లినాయ్ రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నరు అయ్యాడు. ఆ రైతుల పిల్లలు రెండో ప్రపంచ యుద్ధం దాకా ముందు జర్మన్ నేర్చుకొని, బడికి పోయాకనే ఇంగ్లీషు నేర్చేవారు. ఆ గుడిలో ఇంగ్లీషుతోపాటు జర్మన్ ఆరాధన కూడా 1970 దాకా సాగింది. అంటే నూట ఇరవై ఏళ్ళకు పైమాట!

భాషను గుడి నిలబెట్టిందని చాలామంది అంటారు. మేమలా అనుకోము. మార్టిన్ లూథర్ 1529లో వ్రాసిన చిన్న ప్రశ్నోత్తర గ్రంథం ఇంటి యజమాని తన ఇంటివారికి నేర్పడానికి ఉద్దేశించినది. ఆ సంప్రదాయంలో మొదటి బోధకుడు కాపరి కాదు, తండ్రి. ఇంట్లో జర్మన్ ఉన్నన్నాళ్ళు గుడిలో ఉన్నది. ఇంట్లో పోయిన కొన్నాళ్ళకు గుడిలోనూ పోయింది. విశ్వాసం మాత్రం పోలేదు, ఆ సంఘం ఇంకా ఉన్నది.

ఆ జర్మన్ రైతులకు సొంత పొలం ఉన్నది, సంఘం నడిపే బడి ఉన్నది. మనవారికి ఏమున్నది? 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుండి డర్బన్ చేరింది. అందులో దిగినవారిని నమోదు చేసిన పట్టీలో తెలుగువారిని ‘జెంటూ’లని వ్రాశారు. అక్కడి నుండి 1911 వరకు నేటాలుకు ఒప్పందం మీద వచ్చినవారు లక్షా యాభై రెండు వేల మంది. వారిలో మద్రాసు రేవున ఓడ ఎక్కినవారే ఎక్కువ. ఒప్పందం ఐదేళ్ళు. తోట దాటి పోవాలంటే దొర చేతి చీటీ కావాలి. చీటీ లేకుండా దొరికితే శిక్ష. అటువంటి చోట ఆదివారం గుడికి పోదామంటే కుదిరే మాట కాదు. ప్రార్థన చేయదలచినవారు తమ లైను గదిలోనే, పని ముగిశాక చేసుకోవాలి. మన హిందూ సోదరుల రామభజన కూడా ఇలాగే ఇంటింటా నిలిచింది. ఈ విషయంలో రెండు మతాలవారి కథ ఒకటేనని మా అభిప్రాయం.

ఇల్లే సంఘం కావడం మనవారికి కొత్త కాదు. తెలుగు బాప్తిస్టుల చరిత్రే అలా మొదలయింది. అమెరికన్ మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్ళ తరబడి ఫలితం లేక, ఆ మిషనును మూసివేద్దామని అమెరికాలో పలుమార్లు అనుకున్నారు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండమీద ప్రార్థించినవారు అయిదుగురే: జూవెట్ దొర, ఆయన భార్య, క్రిస్టియన్ నరసు, జూలియా, రూత్. అయిదుగురిలో ముగ్గురు తెలుగువారు, ఆ ముగ్గురిలో ఇద్దరు స్త్రీలు. ఈ లెక్క మనవారు సాధారణంగా చెప్పరు.

ఆ తరువాత యర్రగుంట్ల పేరయ్య. తాళ్ళకొండపాడు వాడు, మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారం చేసేవాడు. వ్యాపారం మీద ఉత్తరాదికి పోయినప్పుడు ఏలూరు వైపు సువార్త విన్నాడు. 1866లో భార్య నాగమ్మతో కలిసి ఒంగోలులో క్లఫ్ దొర దగ్గర బాప్తిస్మం పొందాడు. మరుసటి ఏడు ఆరంభంలో క్లఫ్ తాళ్ళకొండపాడు వెళ్ళేసరికి అక్కడ బాప్తిస్మానికి సిద్ధంగా ఒక గుంపే ఉన్నది. దొర వెళ్ళి చేర్చిన గుంపు కాదు అది. పేరయ్య, నాగమ్మ తమ బంధువులలో, తమ వారి పల్లెల్లో కూర్చుని చెప్పిన మాటకు వచ్చినవారు. 1876 నుండి 1878 వరకు కరువు. కరువు తీరాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజున 2222 మంది బాప్తిస్మం పొందారు. అంతమందికి కాపరులు ఎక్కడి నుండి వస్తారు? పల్లెల్లో విశ్వాసం ఇంటివారి చేతుల్లోనే బ్రతకవలసి వచ్చింది.

చదువు రానివారు మరి ఏమి నేర్చారు, ఏమి నేర్పారు? పాట. శ్రీకాకుళం సీమలో చౌధరి పురుషోత్తం (1803–1890) వంటివారు మన రాగాల్లో కట్టిన కీర్తనలు పుస్తకం అవసరం లేకుండా నోట నిలిచాయి. సృష్టి, పాపం, సిలువ, రక్షణ అన్నీ పల్లవి చరణాల్లో ఉన్నాయి. లూథర్ పుస్తకం చేసిన పని మన ఇళ్ళలో కీర్తన చేసింది.

నెల్లూరు, ఒంగోలు సీమల నుండి నేటాలుకు వలసపోయినవారిలో ఇటువంటి కుటుంబాలు ఉన్నాయి. కాపరి లేకుండానే కూడుకున్నారు. తమకొక తెలుగు బోధకుణ్ణి పంపమని స్వదేశపు సంఘాలకు కబురు పంపారు. అప్పటికి తెలుగు బాప్తిస్టులు తమ సొంత హోం మిషనరీ సంఘం పెట్టుకొని ఉన్నారు. ఆ సంఘం 1903లో నెల్లూరి నుండి జాన్ రంగయ్యను పంపింది. అమెరికా డబ్బుతో దొరలు పంపిన మనిషి కాదాయన. పేద తెలుగు విశ్వాసులు కానుకలు పోగుచేసి సముద్రం దాటించిన మనిషి. భార్యాబిడ్డలతో వచ్చాడు. ఒంటరిగా రాకపోవడం చిన్న విషయం కాదు. తోటల్లో ఆడవారు తక్కువ, కాపురాలు చెదిరేవి, అటువంటి చోట కుటుంబ ప్రార్థన ఎలా ఉంటుందో చూపించే కుటుంబం ఒకటి వచ్చింది.

ఆయన చేరినది కియర్స్నీ. అది చెరకు తోట కాదు, తేయాకు తోట. యజమాని లీజ్ హ్యూలెట్ మెథడిస్టు. 1903 ముగిసేలోగానే అక్కడ తెలుగు బాప్తిస్టు సంఘం స్థాపించారు. తరువాత రంగయ్య ఒక్కచోట నిలవలేదు. ఉత్తర తీరపు తోటలు, డర్బన్, బొగ్గు గనుల ఊళ్ళు తిరిగాడు. 1915లో కన్నుమూశాడు. పన్నెండేళ్ళ పరిచర్య! తరువాతి కాలంలో ఆయన కుమారుడు థియోఫిలస్ రంగయ్య కూడా అదే పని చేపట్టాడు. తండ్రి పరిచర్య కుమారునికి అందడమంటే వారసత్వం కోసమని కొందరు ఎగతాళి చేస్తారు గానీ, మూట కట్టి ఇవ్వడానికి ఆ ఇంట్లో ఏ ఆస్తి ఉన్నది గనుక!

ఇక పోగొట్టుకున్న సంగతి. 1911తో వలస ఆగింది. స్వదేశం నుండి కొత్త నోళ్ళు రావడం తగ్గింది. మిషను బడుల్లో చదువు ఇంగ్లీషు. ఉద్యోగం ఇంగ్లీషు. 1931లో డర్బన్‌లో ఆంధ్ర మహాసభ పుట్టి భాష కోసం పాటుపడింది. అదే ఏడు రోలండ్స్ డర్బన్‌లో మొదలుపెట్టిన బెతెస్దా కూటాలకు భారతీయ కుటుంబాలు పెద్ద సంఖ్యలో పోయాయి. అక్కడ తమిళ, తెలుగు పిల్లలకు ఉమ్మడి భాష ఇంగ్లీషే. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం మన ఇళ్ళను లేపి చాట్స్‌వర్త్, ఫీనిక్స్ వంటి కొత్త పేటల్లో పడవేసింది. పాత సంఘాలు చెదిరాయి. మళ్ళీ ఇళ్ళలోనే, కారు షెడ్లలోనే కూటాలు లేచాయి. కాపరి లేని రోజుల్లో నేర్చిన విద్య అప్పుడు పనికివచ్చింది. విశ్వాసం నిలిచింది, భాష నిలవలేదు. మా అమ్మల తరం కీర్తన తప్పు లేకుండా పాడేది, అర్థం అడిగితే నవ్వేసేది.

ఒక చిన్న మాట. 1996 నాటి దక్షిణాఫ్రికా రాజ్యాంగంలో గౌరవించి పెంపొందించవలసిన భాషల వరుసలో తెలుగు పేరు ఉన్నది, అక్షరం తప్పుతో ‘టెలెగు’ అని. అదే వరుసలో జర్మన్ కూడా ఉన్నది. షామ్‌బర్గ్ రైతులు చూస్తే ఏమనుకునేవారో!

1965లో అమెరికా వలస చట్టం మారాక తెలుగు డాక్టర్లు, నర్సులు, ఇంజనీర్లు షికాగో వైపు రాసాగారు. 1976లో మోటరోలా కంపెనీ తన ప్రధాన కార్యాలయాన్ని షామ్‌బర్గ్‌కు మార్చింది. ఆ కంపెనీ తరువాత అక్కడి నుండి తరలిపోయింది గానీ ఆ ప్రాంతానికి ఇంజనీర్ల రాక ఆగలేదు. ఈ కొత్తవారికి చీటీ ఇచ్చే దొర లేడు. విమానం ఎక్కితే ఒక రోజులో హైదరాబాదు. అందువల్ల తమ పిల్లల తెలుగుకు ఏమీ కాదని వారి నమ్మకం. మేము ఆ నమ్మకాన్ని కాస్త అనుమానంతో చూస్తాము. మా తాతలకు తెలుగు పోగొట్టుకోవాలని ఉద్దేశం ఏమీ లేదు. ఎవరూ తీర్మానం చేయలేదు. రాత్రి భోజనం ముందు చేసే చిన్న ప్రార్థన, పిల్లలకు తొందరగా అర్థం కావాలని, ఏదో ఒక రోజున ఇంగ్లీషుకు మారింది, అంతే.

అలాగని తెలుగే కావాలని పిల్లల మీద రుద్దితే వారు ప్రభువును కూడా తెలుగుతోపాటు వదిలేయవచ్చు. ఇంగ్లీషు పక్షంవారు అన్న ఈ మాట కొట్టివేయదగినది కాదు. మా కూటంలో ప్రస్తుతానికి చేసుకున్న ఏర్పాటు ఇది. వాక్యోపదేశం ఇంగ్లీషులో. పాట, ముగింపు ప్రార్థన తెలుగులో. పాట పాడేముందు ఒక పెద్ద ఆ చరణానికి అర్థం చెప్పాలి, పిల్లలు దాన్ని తమ మాటల్లో తిరిగి చెప్పాలి. ఇళ్ళలో భోజనం ముందు ప్రార్థన తెలుగులోనే చేయాలని అడిగాము. కొన్ని ఇళ్ళవారు ఒప్పుకున్నారు. కొందరు చూద్దామన్నారు.

నేటాల్ లైను గదుల్లో జరిగిన కూటాలను గురించి మీ ఇళ్ళలో పెద్దలు చెప్పినవి గాని, చేతివ్రాత పాటల పుస్తకాలు గాని, బైబిలు మొదటి పుటలో వ్రాసుకున్న పుట్టుకలు, పెళ్ళిళ్ళ వివరాలు గాని ఉంటే పత్రికకు నకలు పంపండి. పాట తెలుగు లిపిలో లేకపోయినా, ఇంగ్లీషు అక్షరాల్లో వ్రాసుకున్నదైనా సరే.